వేరు గిలాస

ఇప్పుడక్కడ సిమెంటు గుడి లేచింది, ఏసయ్య గుడి. మైకు పెట్టారు, పాట ఎత్తుకుంటే మూడు ఊళ్ళకు వినిపిస్తుంది. సంతోషమే, ఎవరు కాదన్నారు? కానీ మూసీకి ఇంకా కట్ట పూర్తికాని రోజుల్లో, యాభై ఆరో యాభై ఏడో, కేతేపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ పల్లెలో గుడి అంటే నాలుగు మట్టిగోడలూ, పైన తాటికమ్మల కప్పూ. వాన గట్టిగా కొడితే ప్రసంగం ఆగేది. పాటకు డప్పు తోడుండేది. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టే ద్రాక్షరసమూ అందరూ పంచుకునే ప్రభువు బల్ల జరిగేది. ద్రాక్షరసం ఆ ఊరికి ఎక్కణ్ణుంచి వస్తుంది? నకిరేకల్ అంగడిలో కిస్మిస్ పండ్లు కొనుక్కొచ్చి, ముందురోజే నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడగట్టేవాళ్ళు. గుడిలో అడుగు పెడితే ఆ తీపి వాసనే ముందు పలకరించేది. ఆ వాసన ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎందరున్నారో తెలియదు.

ఆ రసం పోసే కంచు గిన్నె ఒక్కటే. అది చేతులు మారుతూ వరసంతా తిరిగేది, అందరూ అందులోనే తాగేవాళ్ళు. కురుమయ్య తప్ప. కురుమయ్యది వేరు గిలాస, ఇత్తడిది. రుమాలులో చుట్టి ఇంటినుంచి తెచ్చుకునేవాడు.

ఎందుకో చెప్పాలంటే కురుమయ్య ఎవరో చెప్పాలి. గొర్రెలు కాసే ఆ ఊరి కురుమలకు ఆయన పెద్ద. భుజాన నల్ల గొంగడి, మూతిమీద నిమ్మకాయ నిలబడే మీసం. కులంలో పంచాయితీ అయితే ఆఖరు మాట ఆయనదే. తప్పు చేసినవాడికి దండుగ వేసేవాడు. దండుగ అంటే ఒక పొట్టేలు. దాన్ని కోసి కులానికంతటికీ కూడు పెడితే ఆ తప్పు అక్కడితో మాసిపోయినట్టే, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఇరవై ఏళ్ళు అందరికీ దండుగలు వేశాడు గానీ తానొక్కటీ కట్టలేదు. అది ఆయనకు మహా గొప్ప.

అలాంటి మనిషి గుడికెలా వచ్చాడంటారా? ఒక్కగానొక్క కొడుకు గత్తర, అదే కలరా, తగిలి రెండు రోజుల్లో పోయాడు. చుట్టాలొచ్చారు, ఏడ్చారు, రాత అన్నారు, తిని పోయారు. ఏసోబు అని, మాదిగవాడలో చెప్పులు కుట్టుకుంటూ గుడిలో వాక్యం చెప్పే మనిషి ఉండేవాడు. అతనొచ్చి వాకిలి బయట వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మూడు రోజులు పొద్దున్నే వచ్చాడు, పొద్దుగూకితే పోయాడు. లోపలికి రమ్మని కురుమయ్య అననూ లేదు, అనాలని తోచనూ లేదు. నాలుగో రోజు చెట్టుకింద మనిషి కనబడకపోయేసరికి మాత్రం ప్రాణం కొట్టుకుంది. తానే లేచి వెతుక్కుంటూ గుడి గడప దాకా వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి కురుమయ్య, భార్య జానమ్మ మూసీలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. కులం ముక్కున వేలేసుకుంది. పెద్దను వెలివేసే గుండె ఎవడికుంది గనక?

అయితే మునగడానికి ముందు ఏసోబును పక్కకు పిలిచి ఒక షరతు పెట్టాడు.

“అన్నీ ఒప్పుకుంట. గా గిన్నెల తాగుడు మాత్రం నాతోని గాదు. ఎంగిలి నాకు పడది. నా గిలాస నేను తెచ్చుకుంట.”

ఏసోబు కాసేపు నీళ్ళవైపు చూసి, “తెచ్చుకోండ్రి పటేలా” అన్నాడు.

ఎంగిలి అన్నది పేరుకే. బావమరిదితో ఒకే ముంతలో కల్లు తాగే మనిషికి ఎంగిలి పట్టింపేమిటి చెప్పండి! గుడిలో ఆ దంపతులు తప్ప మిగిలినవాళ్ళంతా మాదిగవాడవాళ్ళే. అసలు సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. జానమ్మ మొదటి రోజే నలుగురితోపాటు గిన్నె ఎత్తి తాగింది. ఆ కోపానికి కురుమయ్య మూడు పూటలు ఆమె చేతి కూడు ముట్టలేదు. నాలుగో పూట జొన్నగటకా పుంటికూరా గెలిచాయి.

అలా మూడేళ్ళు నడిచింది. ఒక మొదటి ఆదివారం, చెప్పాపెట్టకుండా, పట్నంనుంచి పెద్ద పాస్టరు దిగాడు. నాలుగు జిల్లాల గుళ్ళు చూసుకునే ముసలాయన, మాట కటువు. బల్లమీద గిన్నె పక్కన మెరుస్తున్న ఇత్తడి గిలాసను చూశాడు.

“ఇదెవరిది?”

గుడిలో ఒక్కరూ కురుమయ్య వైపు చూడలేదు. అందరూ నేల చూశారు. కురుమయ్య లేవబోయి, గొంగడి సర్దుకుని కూర్చున్నాడు. నలుగురికి తీర్పు చెప్పే మనిషి ఈ జనం ముందు లేచి తల వంచాలా? అంతలో ముందువరసలో ఏసోబు లేచి నిలబడ్డాడు.

“నేను పెట్టిందేనయ్యా. తప్పు నాదే.”

“ఎవరి కోసం?”

“నేను పెట్టిన. గంతే.”

ముసలాయన మొహం ఎర్రబడింది. “దేవుని బల్లకాడ మనుషులను రెండు వరసలు చేస్తివా? మళ్ళీ నేనొచ్చేదాకా బల్ల ముట్టకు, వాక్యం చెప్పకు” అన్నాడు. బల్ల జరగనే లేదు. పిసికిన రసం అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాతి ఆదివారంనుంచి పర్వతాలు అనే పెద్దమనిషి వాక్యం చదివాడు. పాపం, కూడబలుక్కుని చదివేవాడు, ఒక వచనం అయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు. ఏసోబు గడప పక్కన చెప్పులు విడిచేచోట కూర్చునేవాడు. పాటకు గొంతు కలిపేవాడు, అంతే. వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే, “మంద బాగున్నదా పటేలా” అని అడిగేవాడు. అలా అడగకుండా అతను మొహం తిప్పుకొని పోయుంటే కురుమయ్యకు ఎంతో హాయిగా ఉండేది.

కురుమయ్యకు నిద్ర దూరమైంది. ఎంత నడిచినా, ఎంత అలిసినా గొంగడిమీద వాలితే కళ్ళు మూతపడవు. నేను చెప్పమన్ననా, తనంతట తనే లేచిండు గద, అని మనసుకు సర్ది చెప్పుకునేవాడు. మనసు వినేది కాదు. పగలు మంద వెనక నడుస్తూ కునికిపాట్లు పడితే గొర్రెలు ఎవరి జొన్నచేనులోనో పడ్డాయి. కొడుకు పోయినప్పుడు కూడా ఇంత కాలిపోలేదు ఆయన. అప్పుడు దుఃఖం ఒక్కటే. ఇప్పుడు సిగ్గు. సిగ్గుకు ఏడుపు కూడా రాదు.

రెండు నెలలు చూసింది జానమ్మ. ఒకరోజు గటక పెడుతూ అనేసింది.

“గొర్రెకు కాలిరిగితే భుజాన ఏసుకొని కోసు దూరం మోస్తవు. మనిషిని ఇరగ్గొట్టి గమ్మున కూసున్నవు.”

కురుమయ్య గటక వదిలేసి లేచాడు. మందలో దిగి, కొమ్ములు తిరిగిన పొట్టేలును, మందకంతటికీ మేలైనదాన్ని పట్టుకున్నాడు. దాని మెడకు తాడు వేసి ఊరి నడుమనుంచి నడిపించుకుంటూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కాలుపెట్టని మాదిగవాడలోకి నడిచాడు. పనులు ఆపి అందరూ చూశారు. ఏసోబు గుడిసె ముందు కూర్చుని మోటబొక్కెనకు తోలు అతుకు వేస్తున్నాడు. దిగ్గున లేచి నిలబడ్డాడు.

“దండుగ తెచ్చిన,” అన్నాడు కురుమయ్య తాడు చాపుతూ. “కోసి అందరికీ పెట్టు. గీ ముచ్చట ఇగ ఎత్తొద్దు.”

ఏసోబు తాడు అందుకోలేదు. పొట్టేలు నెత్తి నిమిరాడు.

“దేవునిది కులపంచాయితి గాదు పటేలా. దీన్ని కోస్తే ఇదే సస్తది. మీరు గట్లనే ఉంటరు.”

కురుమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మల్ల నువ్వెందుకు లేశినవ్ ఆనాడు? నిన్నెవరు లెవ్వమన్నరు?”

“మీరు లేస్తరని జరసేపు సూశిన. లెవ్వలే.” ఏసోబు మాటలో కోపం లేదు, అదే కురుమయ్యను మరీ కోసింది. “అయ్యగారు మిమ్ముల నలుగురిల మాటంటే మీరు లేశి పోతరు. పోతే మల్ల రారు. మిమ్ముల నేనెరుగనా? నన్నంటే నేనేడికి పోత? కూసుండనీకి గడపకాడ జాగ ఉండనే ఉన్నది.”

కురుమయ్య పొట్టేలును ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగాడు. అదేమో అక్కడి గడ్డి రుచి మరిగి రానని మొండికేసింది. వాడంతా చూస్తుండగా కులపెద్దా పొట్టేలూ అలా గుంజులాడుకుంటూ వాడ దాటారు. ఎవరూ నవ్వలేదు, నవ్వితే బాగుండేది.

ఆ దారిలోనే, తుమ్మచెట్ల దగ్గర, తాడు చేతిలోంచి వదిలేసి కూలబడ్డాడు. దండుగ కడితే తప్పు తీరిపోతుందనుకున్నాడు జీవితమంతా. తీరనిది ఒకటుందని, అది పొట్టేలుతో కాదు, తల వంచి కట్టాలని ఆ రోజు తెలిసింది. “అయ్యా, నాతోని అయితలేదు, నువ్వే వంచు,” అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్న మూడేళ్ళకు, నేర్పినవాళ్ళ మాటల్లో కాక తన మాటల్లో చేసుకున్న మొదటి ప్రార్థన అదే.

పెద్ద పాస్టరు మళ్ళీ వచ్చింది జొన్నకోతలయ్యాక. గుడి నిండిపోయింది. బల్లమీద ఒక్క గిన్నె, పక్కన రొట్టె. ముసలాయన నోరు తెరవకముందే కురుమయ్య లేచాడు. మందకోసం పులికి ఎదురుపోయిన మనిషి నాలుగు మాటలు చెప్పడానికి పక్కనున్న గుంజ పట్టుకోవాల్సి వచ్చిందంటే నమ్మాలి మీరు.

“గిలాస నాది. ఎంగిలని సాకు చెప్పిన. ఎంగిలి గాదు. వీళ్ళ మూతి తగిలింది నా మూతికి తగులొద్దని తెచ్చుకున్న. ఏసోబు నా తప్పు మీదేసుకుంటుంటే సూస్తూ కూసున్న. నన్ను మాఫ్ చెయ్యిండ్రి.”

తర్వాత గడప వైపు తిరిగి, “నువ్వు గూడ, తమ్మీ” అన్నాడు. ఆ మాటతోనే ఏడ్చేశాడు. ఆయన ఏడవడం కొడుకు పోయిననాడు కూడా జానమ్మ చూడలేదు.

ముసలాయన ఏసోబు వైపు చూశాడు. “నాతో అబద్ధం ఎందుకు చెప్పినవ్?”

“అబద్ధం గాదయ్యా. తెచ్చుకోమన్నది నేనే.”

ముసలాయన రొట్టె ఎత్తి ఏసోబు చేతిలో పెట్టాడు, “నువ్వే పంచు” అన్నాడు.

ఏసోబు గిన్నె తీసుకుని అలవాటుకొద్దీ ముందు కురుమయ్య దగ్గరికే వచ్చాడు. కురుమయ్య తల అడ్డంగా ఊపాడు. “అందరికీ ఇయ్యి. నాకు ఆఖరికి.” గిన్నె వరసలు తిరిగింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. చివర తిరిగి వచ్చేసరికి దాని అంచు పట్టుకుని తాగుతున్నది గోపమ్మ. నోట్లో ఒక్క పన్ను లేని అవ్వ, పుగాకు నమిలి నమిలి పెదాలు నల్లబడిన మనిషి. తాగి, చేత్తో మూతి తుడుచుకుని, గిన్నె మాత్రం తుడవకుండా కురుమయ్యకు అందించింది. అంచు తుడుద్దామని కురుమయ్య చెయ్యి రుమాలు మీదికి పోయింది. అబద్ధమెందుకు, పోయింది. రుమాలు వదిలేసి, కళ్ళు మూసుకుని అడుగున ఉన్నదంతా తాగేశాడు. కిస్మిస్ నీళ్ళు. మూడేళ్ళూ తాగినవే. అంతకు మించి తియ్యగా లేవు, చేదుగానూ లేవు. ఇంత చిన్నదాన్నా నేను ఇన్నాళ్ళు మోశానని ఆయనకు నవ్వొచ్చింది, కన్నీళ్ళలోనే.

ఎప్పుడూ కూర్చునే ముందువరసలోకి పోకుండా, ఎక్కడ సందు దొరికితే అక్కడ, పర్వతాలు పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. ఆఖరి ప్రార్థన ఏసోబును చెయ్యమన్నారు. ఏసోబు ప్రార్థన సంగతి ఊరంతటికీ తెలుసు, మొదలుపెడితే వానలు, పంటలు, పశువులు, పట్నం పోయినవాళ్ళు, అందరూ అందులోకి రావాల్సిందే. వానల దగ్గరుండగానే గుర్రు వినిపించింది.

కళ్ళు తెరిచి చూస్తే కురుమయ్య. నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా, తల పర్వతాలు భుజంమీద వాల్చి నిద్రపోతున్నాడు. జానమ్మ సిగ్గుపడి లేపబోయింది. ఏసోబు చెయ్యెత్తి ఆపాడు.

“పండనియ్యి, అక్కా.”

అక్కడినుంచి ప్రార్థన గుసగుసగా సాగింది, ఒక్క పేరూ విడవకుండా. గుడి అంతా ఆమేన్ కూడా గుసగుసగానే చెప్పింది. జనం చెప్పులు చేత పట్టుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. పొద్దు నడినెత్తికొచ్చేదాకా పర్వతాలు భుజం కదపలేదు.