పట్టుదల ఆయనది, మొండితనం నాది

"మొండిదానివే జైతూ. మొగుడు వద్దన్నాక మళ్ళీ ఎందుకడుగుతావు?" అంది మా అత్త, మిరపకాయల తొడిమెలు తుంచుతూ.

నేనడిగింది రెండు నెలల నా కూతురికి పాలు. జ్వరమొచ్చి నా రొమ్ములు ఎండిపోయాయి. మేకపాలు పడితే పిల్ల కక్కేస్తోంది. గోడకవతలే తోడికోడలు కరీమున్. కొడుకు కడుపునిండా తాగాక కూడా ఆమెకి రవిక తడిసేటన్ని పాలు. "పిల్లనిలా తేవే, నేనిస్తాగా" అని గోడ మీద నుంచి బతిమాలింది.

కానీ మా ఆయన ఖాజావలికీ వాళ్ళాయనకీ చేనిగట్టు తగాదా. సొంత అన్న అయినా, మసీదులో పక్కన నిలబడటం కూడా మానేశారు. "ఖాజావలి మాటంటే మాటే! ఏం పట్టుదలయ్యా!" అని ఊరంతా మెచ్చుకుంటారు. ఒకప్పుడు అది విని నేనూ మురిసిపోయాను, నా మొహానికి.

"ఆ ఇంటి నీళ్ళు కూడా నా బిడ్డ గొంతు దిగకూడదు" అన్నారాయన పొద్దున.

"చచ్చిపోద్దండీ!"

"మొండిగా వాదించకు."

ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. బడి మాననని ఏడిస్తే మొండిఘటం. ఒళ్ళు కాలుతోంది, ఇవాళ మిరపకాయల తొడిమెలు తీయలేనంటే మొండిముండ. అన్నం మానేసి సైకిలు కొనిపించుకున్న మా తమ్ముణ్ణి మాత్రం ఎవరూ అలా అనలేదు. వాడిది పట్టుదలట. బిడ్డ ఎండిపోతున్నా గట్టు దిగని మనిషిదీ పట్టుదలే. యా అల్లా, నాకెంత భయంగా ఉందో ఎవరికి చెప్పను?

మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు ఆగింది. ఏడవటానికి ఓపిక లేదు. మిరపకాయల మంట పోయేదాకా చేతులు మజ్జిగతో కడుక్కుని దాన్ని ఎత్తుకున్నాను.

అత్త గుమ్మానికి అడ్డం వచ్చింది. "ఒక్క గుక్క తాగినా వాళ్ళ పిల్లోడు దీనికి తోడబుట్టినోడైపోతాడే! పాలతో కలిసిన చుట్టరికం ఇంక నీ మొగుడు కాదన్నా తెగదు. తెలుసా?"

"తెలుసత్తా. తప్పుకో."

కరీమున్ తన గుమ్మంలోనే పిల్లని అందుకుంది. ముందు పెదాలు కదిలాయి. తర్వాత గుటక వినిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

"జైతూ!" అని గోడకవతల నుంచి ఆయన కేక.

నేను కరీమున్ పక్కకి ఇంకా జరిగి కూర్చున్నాను. పిల్ల ఇంకా తాగుతోంది.