బ్లెస్సీ చెప్పలేని సాక్ష్యం

హలో, అక్కలూ, తమ్ముళ్లూ, అందరూ బాగున్నారా? పని చేసుకుంటూనే వినండి, ఫోన్ మాత్రం పెట్టేయకండి. యర్రగొండపాలెం దగ్గరి పల్లెలో ఉండే మార్తమ్మ కథ ఇది.

మార్తమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, మనవరాలికి నీళ్లు పోస్తోంది. పక్కనే మంచం మీద పిల్ల తల్లి బ్లెస్సీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పురిటికి వచ్చినప్పుడు బస్సు దిగుతూనే నవ్విన పిల్ల, ఇప్పుడు తల కూడా దువ్వుకోదు. పాలివ్వమంటే ఇస్తుంది, ఇచ్చి బిడ్డను పక్కన పెట్టేస్తుంది. సబ్బు నురగ కంట్లో పడి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. బ్లెస్సీ తిరగలేదు.

"అమ్మా, ఈ బిడ్డని నువ్వే పెట్టుకో. నేను లేకపోయినా పెరుగుతాది" అంది, గోడతో చెప్పినట్టు.

మార్తమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. నెల రోజులుగా మిరప కోతకు పోవడం మానేసి ఆమె కూతురిని కనిపెట్టుకునే ఉంది. ఆశా కార్యకర్త సంధ్యారాణి వచ్చి చూసి, "కాన్పయినాక కొందరికి మనసు ఇట్ల కుంగిపోతాది పెద్దమ్మా. ఇది జబ్బు, మందులుండాయి. సోమవారం మార్కాపురం ఆస్పత్రికి పోదాం, నేనూ వస్తా. అందాకా ఒక్కదాన్నే వదలొద్దు" అని చెప్పింది. మార్తమ్మ మొగుడు ఏసురత్నం వినలేదు. "పిచ్చి డాక్టరు కాడికా? మా అమ్మ ఏడుగుర్ని కని నెల తిరక్కుండానే కలుపుకి పోయింది" అన్నాడు. ఆ ఏడుగురి తల్లిని నీకెట్లా ఉందని ఎవరైనా అడిగారా అని మార్తమ్మకు నోటిదాకా వచ్చింది, మింగేసింది. వియ్యపురాలు ప్రేమకుమారి ఫోన్లో ఇంకో మాట అంది: "ఒళ్లు బరువు వదినా, ఇంకేం కాదు. ఆదివారం మేమొస్తాం. సాక్ష్యం చెప్పించి తోలుకపోతాం."

నలభై దినాలు దాటిన బాలింత చర్చిలో నిలబడి, ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాలి. మార్తమ్మ మూడు రోజులు కూర్చుని ఆ మాటలు కూతురికి తనే నేర్పింది. "ప్రభువు నాకు మంచి కాన్పు ఇచ్చినాడు. సంతోషంగా ఉండాను." నోటితో అంటే మనసుకు ఎక్కుతుందేమోనని ఆశ. బ్లెస్సీ బడిపిల్లలా ఆ రెండు ముక్కలూ అప్పజెప్పింది.

ఆదివారం వచ్చింది. బ్లెస్సీ మైకు ముందు నిలబడింది. "ప్రభువు నాకు..." అంది. అంతే. ఆడవాళ్ల వరసలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఇంట్లో చేసే నాటకం చాల్లేదు" అంది ప్రేమకుమారి, పక్కామెకు వినబడేలా.

మార్తమ్మ బిడ్డను ఎత్తుకుని లేచింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి మైకు దగ్గరికి వంగింది.

"దీన్ని కన్నప్పుడు ఇక్కడే నిలబడి నేనూ సంతోషంగా ఉండానని చెప్పినాను. అబద్ధం. ఆ పొద్దునే దీన్ని మంచం మీద పడుకోబెట్టి, ఇంక బతకొద్దనుకుని బావికాడికి పోయినాను. కూలికి పిలవను వచ్చిన అలివేలమ్మ నా చెయ్యి పట్టుకుని ఎనక్కి తీసుకొచ్చినాది. ఇరవైమూడేళ్లు ఎవరికీ చెప్పలా. అదే అబద్ధం నా బిడ్డకి నేర్పినాను. ప్రభువు నన్ను క్షమించాల."

ఏసురత్నం తల వంచుకున్నాడు. బ్లెస్సీ మాత్రం తలెత్తి, చాలా రోజుల తర్వాత తల్లి ముఖంలోకి సూటిగా చూసింది.

"నీక్కూడానా అమ్మా?"

"నాక్కూడా నాయనా."

బయట ప్రేమకుమారి ఆటో ఆపించి ఉంది. "బట్టలు సర్దించు వదినా, పొద్దుపోతాంది."

"సర్దుతాను వదినా" అంది మార్తమ్మ. "రేపు మార్కాపురం బస్సుకి."

ఇంతే కథ. మీకు తెలిసిన బాలింత ఉన్న ఇంటికి దీన్ని పంపండి. ముందు ఆ ఇంటి మగవాళ్ల ఫోనుకు పంపండి.