దిబ్బ మీద తువ్వాలు

మూడు రోజులు గడిచినా పద్మనాభయ్యకు సముద్రం మీద మోజు తీరలేదు. ఆత్మకూరు దగ్గర చెరువు కింద మాగాణి చేసుకునే మనిషి. నలభై ఏళ్లు దాటేదాకా, నీళ్లంటే తూము దగ్గర తగువు పెట్టుకుని తెచ్చుకునేవేనని అతని ఎరిక. ఇక్కడ ఎవరూ అడక్కుండానే ఇన్ని నీళ్లు వచ్చి కాళ్ల మీద పడి, ఎవరి మడికీ పారకుండా వెనక్కి పోతుంటే ఊరికే నవ్వొచ్చేది. ఎండాకాలం సెలవులకు కూతురు పుష్పకుమారికి సముద్రం చూపించడానికి వచ్చామని అందరితో చెప్పాడు గానీ, తెల్లారగానే ముందు గట్టుకు పరిగెత్తేది తనే.

వాళ్లు దిగిన ఇల్లు మాల్యాద్రిది. మైపాడు పక్కన, చేపలు పట్టే పల్లెకారుల పాలెంలో తాటాకు కప్పిన రెండు గదులు. మాల్యాద్రి భార్య అంకాలమ్మ ఏటా కోతలప్పుడు ఎండుచేపల గంపతో పద్మనాభయ్య కళ్లంలో దిగి, వడ్లు కొలిపించుకుని పోయేది. "ఎండుది తిని ఎన్నాళ్లుంటారు? ఒకసారి మా ఇంటికొచ్చి పచ్చిది తినండి" అని పదేళ్లుగా పోరుతోంది. ఈ ఏడు నిజంగానే బస్సూ బండీ మారి దిగేసరికి, ఇల్లు వాళ్లకు వదిలేసి మొగుడితో సహా తమ్ముడి వసారాలోకి మారింది.

నాలుగో రోజు, మధ్యాహ్నం బస్సుకు తిరుగు ప్రయాణమనగా, పొద్దున అంకాలమ్మ చద్దన్నం, రాత్రి కాచిన చేపల పులుసు తెచ్చి పెట్టింది. చూస్తే అతని భార్య ఆదిశేషమ్మా, పుష్పకుమారీ ఇంట్లో లేరు. గవ్వలేరుకుంటూ గట్టు వెంబడి ఉత్తరానికి చాలా దూరం పోయారు. పెళ్లాం బిడ్డా లేకుండా ముద్ద ఎత్తలేక పద్మనాభయ్య పిలవబోయాడు. కేకేస్తే అలల హోరు మింగేసింది. ఇసుక దిబ్బ ఎక్కి, భుజాన ఉన్న ఎర్రగళ్ల తువ్వాలు తీసి, తన చేలో గట్టు మీద నిలబడి కూలీలను సంగటికి పిలిచినట్టే ఉత్తరం వైపుకు బారుగా ఊపాడు. పిల్ల చూడలేదు. ఇంకా గట్టిగా ఊపాడు.

అలలకు అవతల ఆగి ఉన్న పడవ కదిలింది. ఆరుగురు తెడ్లేస్తూ ఉత్తరానికి దూసుకుపోయారు. వెనక నుంచి వల నీళ్లలోకి జారుతోంది. భలే వేడుకగా ఉందనుకుని పద్మనాభయ్య ఇంకో రెండుసార్లు ఊపాడు.

"ఆపు సామీ, ఆపు."

దక్షిణపు దిబ్బ మీంచి నరసయ్య ఇసుకలో పడుతూ లేస్తూ వస్తున్నాడు. గట్టు మీంచి నీళ్ల రంగు చూసి చేపల మంద ఎక్కడుందో పోల్చేవాడు ఆ పాలెంలో అతనొక్కడే. అతను తువ్వాలు ఏ వైపుకు ఊపితే పడవ ఆ వైపుకు పోయి పెద్దవల వేస్తుంది.

"మాగచేపల మంద దక్షిణాన వస్తా ఉంది. ఇంకొంచెం గట్టుకు చేరనీ అని గంటసేపుగా ఊపిరి బిగబట్టుకోని కూర్చోనుండా. నువ్వెవరికి ఊపినావు?"

"మా ఆడోళ్లకు. చద్దికి రమ్మని."

నరసయ్య గట్టు వైపు చెయ్యి చూపించాడు. "వాళ్లు తప్ప అందరూ వచ్చినారు" అన్నాడు.

నిజమే. పడవ కదలడం చూసి పాలెమంతా గట్టున ఉన్న వల తాళ్ల దగ్గరికి పరిగెత్తుకొస్తోంది. ఆ ఏటికి మాగచేపలు రావడం అదే మొదలు. ఆ వలలో ప్రతి గడపకూ ఒక పాలుంది. వేసిన వలను సగంలో ఎత్తడానికి లేదు. రెండు కొసలా గట్టుకు లాగి, సర్ది, పడవకెక్కించి మళ్లీ వెయ్యాలి. అందాకా మంద ఆగాలి. పద్మనాభయ్య ఆకలి ఎటు పోయిందో పోయింది.

"లాగేదానికి ఎంతసేపు?"

"రెండు గంటలు."

"తొందరగా లాగితే?"

"లాగి చూడు."

తువ్వాలు నడుముకు బిగించి పద్మనాభయ్య తాడు పట్టాడు. నిలబడిన చోటే చేతులు మార్చి మార్చి గుంజుతుంటే మాల్యాద్రి వెనక నుంచి అరిచాడు.

"బాయిలో చేద లాగుతుండావా అయ్యా? అట్టాగైతే పొద్దుగూకుతాది. తాడు నడుముకేసి ఎనక్కి నడువు. కొసకి పోయినాక వదిలేసి, మళ్లా నీళ్ల కాడికొచ్చి పట్టుకో."

వెనక్కి నడిచాడు. వదిలాడు. నీళ్ల దాకా ఉరికాడు. మళ్లీ పట్టాడు. పదిసార్లకు ఆయాసం తెలిసింది, ఇరవైకి అరచేతులు మండాయి. వరస కంటే ముందు అతనే అడుగు వేస్తుంటే మిగతావాళ్లూ ఊపందుకున్నారు.

"పులుసు ఈగల పాలవతా ఉంది నాయనా" అంది అంకాలమ్మ పక్క తాడు మీంచి. "నేను కూడా ఒక గుడ్డ ఊపేదా?"

గట్టంతా నవ్వింది. అప్పుడొచ్చారు ఆదిశేషమ్మా పుష్పకుమారీ, ఒడినిండా గవ్వలతో.

"ఏంది ఈ జనం?" అంది ఆదిశేషమ్మ.

"నిన్ను చద్దికి పిలిచినాడమ్మా మీ ఆయన" అంది అంకాలమ్మ.

సంగతి విని ఆదిశేషమ్మ గవ్వలు ఇసుకలో పోసేసి, చీర ఎగదోపి, మొగుడి ముందు తాడందుకుంది. పిల్ల తల్లి ముందు దూరింది.

గంటంబావుకే వల గట్టెక్కింది. వల సంచిలో మోకాలెత్తు కుప్ప, అన్నీ కవళ్లనే చిల్లర చేపలు, అంతే. నరసయ్య వాటిలోంచి ముందుగా ఒక గంపెడు తీసి పద్మనాభయ్య కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇది ఊపినోడి పాలు."

"నాకొద్దన్నా. తప్పు చేసింది నేను."

"నేను తీసుకుంటే ఊపినోణ్ణి నేనే అవతా. ఆ పేరు నాకొద్దు. చేపలూ నీయే, తిట్లూ నీయే."

పద్మనాభయ్య గంప అందుకున్నాడు. తిట్లు అంకాలమ్మ మొదలుపెట్టింది. ఆడవాళ్లు తలా ఒకటి కలిపారు. అన్నీ నిలబడి విన్నాడు. ఈలోపు వల సర్దుకుని పడవ మళ్లీ అలలు దాటింది. నరసయ్య దక్షిణపు దిబ్బ ఎక్కి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. పద్మనాభయ్య రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడ్డాడు. ముక్కు మీద ఈగ వాలినా చెయ్యి తియ్యలేదు.

దిబ్బ మీద తెల్లటి గుడ్డ లేచి దక్షిణానికి వాలింది.

పడవ వల చుట్టి కొస గట్టుకు తెచ్చేసరికి జనం నడుం లోతు నీళ్లలో కాచుకుని ఉన్నారు. మొదట్లో తాడు ఇందాకటిలాగే తేలిగ్గా వచ్చింది. మళ్లీ కవళ్లేనా అని పద్మనాభయ్య నీళ్లకేసి చూశాడు. ఇంకో నాలుగు బారలు లాగాక తాడు సన్నగా వణికింది. తర్వాత లోపలెవరో దూడను కట్టేసినట్టు ఎదురు గుంజింది. అతను మాల్యాద్రి వైపు చూశాడు.

"ఉండాయి" అన్నాడు మాల్యాద్రి, పెదాలు కదిలీ కదలకుండా.

బరువు పెరిగింది. మడమలు ఇసుకలోకి దిగిపోతున్నాయి. అడుగు వెనక్కి వేస్తే అర అడుగు ముందుకు ఈడుస్తోంది. ఆదిశేషమ్మ వెనక్కి తిరక్కుండానే, రొప్పుతూ అడిగింది.

"మధ్యాన్నం బస్సుకు పోదామంటివే?"

ఎదురుగా నురగలోంచి మూరెడు చేప ఒకటి తళుక్కున ఎగిరి పడింది. దాని వెనకే ఇంకొకటి. పుష్పకుమారి తాడు వదిలి చేతులు చాచబోయింది.

"వదలబాకండి" అన్నాడు పద్మనాభయ్య. "ఇద్దరూ మాట్లాడబాకండి. లాగండి."