పొడి గ్లాసు

తరగతి గది ఊడ్చి, చీపురు మూలకు ఆనించి, ఎల్లవ్వ చెంబుతో కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ రెండు గాజు గ్లాసులున్నాయి. రెండింట్లోనూ దూది, దూది మీద శనగలు. ఒకదానికి పిల్లలు రోజూ నీళ్లు చల్లుతారు. రెండోదానికి ‘నీరు లేదు’ అని కాగితం అంటించారు. చదువు రాని ఎల్లవ్వకు ఆ కాగితంతో పనిలేదు. ఎండిన గింజ కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

“ఎల్లవ్వా, మళ్లా పోస్తున్నవా?” వెనక నుంచి దస్తగిర్ సారు. ఆయన జీవశాస్త్రం చెబుతాడు. ఎల్లవ్వ పుణ్యమా అని ఈ పాఠం ఇదివరకే రెండుసార్లు చెడింది. నీళ్లు లేకున్నా శనగలు మొలకెత్తుతాయని పిల్లలు ఎంచక్కా రాసుకున్నారు.

“పాణం ఆగది సారూ. ఒకదానికి పోసి ఒకదానికి పొయ్యకుంటె ఎట్ల? సచ్చిపోవా?”

“సావయి. గింజల పాణం పండుకోని ఉంటది. నీళ్లు తగిలిననాడే లేస్తది.”

“ఎన్నొద్దులు ఆగుతది?”

“ఏండ్లు ఆగుతది. ఈసారన్న పొయ్యకు, పిల్లలు చూడాలె.”

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయినప్పుడు, బట్ట నేసే పని వెతుక్కుంటూ ఆమె భర్త హన్మంతు మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. గది దొరకగానే పిలిపించుకుంటానన్నాడు. రెండు దసరాలు దాటాయి. ఆయన మీద బెంగతో ఎల్లవ్వ సగమైపోయింది. ఇప్పటికీ అన్నానికి కూర్చుంటే రెండు కంచాలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెడుతుంది.

ఏండ్లు ఆగుతుందట! చెంబు కిటికీలోనే పెట్టేసింది. “నేను గూడ ఆగుత” అనుకుంటూ ఆ పూటంతా హుషారుగా బెంచీలు తుడిచింది, వరండా కడిగింది.

సాయంత్రం బడి వదలక ముందే గేటు దగ్గర మరిది భూమయ్య కనబడ్డాడు. తల ఎత్తడం లేదు.

“వదినె, రాత్రి అన్నకు గుండెల నొచ్చిందట. దవాఖానకు పొయ్యేలోపే పాణం పోయింది. రేపు ఇంటికి తెస్తున్నరు.”

ఎల్లవ్వ ఏడవలేదు. సంచి తెచ్చుకుంటానని తరగతి గదిలోకి వెళ్లింది. కిటికీ దగ్గర ఆగి, చెంబెడు నీళ్లూ పొడి గ్లాసులో కుమ్మరించింది. పిల్లలు సారు వైపు చూశారు. ఆమె ముఖం చూసిన సారు వాళ్లను పుస్తకాలు తెరవమన్నాడు. సంచి చంకన పెట్టుకుని ఆమె మరిది వెంట వెళ్లిపోయింది.

గ్లాసు నిండి నీళ్లు గోడ మీదికి కారుతున్నాయి. ‘నీరు లేదు’ అన్న కాగితం తడిసి గాజుకు అలాగే అంటుకుని ఉంది.