బ్రోన్విన్ ఎర్ర తాళం

ఆ గనుల ఊళ్లో డ్రేపర్‌కి కరెంటు కాంట్రాక్టు ఉంది, మోటెల్ ఉంది, పనివాళ్లకి అద్దెకిచ్చే ఎనిమిది ఇళ్లున్నాయి. ఇచ్చిన జీతం తిరిగి లాక్కోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

బ్రోన్విన్ అతని దగ్గర పదకొండేళ్లుగా ఎలక్ట్రీషియన్. టీ తాగడానికి కూర్చుంటే గడియారం చూస్తూ నిలబడే మనిషతను. ఆరు నెలలు పోట్లాడి గంటకి నాలుగు డాలర్లు పెంచుకుంది. ఆ వారమే ఇంటద్దె వారానికి రెండువందలు పెంచినట్టు కాగితం వచ్చింది. చేతికొచ్చేది మునుపటికన్నా తగ్గింది. పెర్త్ నుంచి విమానంలో వచ్చిపోయే ఎలక్ట్రీషియన్లకి మాత్రం టికెట్టూ గదీ తిండీ అన్నీ డ్రేపర్ ఖర్చే. ఊళ్లో కాపురం పెట్టినవాళ్లే వెర్రివాళ్లు.

పెంచిన అద్దె కట్టనని చెప్పేసింది. సోమవారం మోటెల్ శీతల గది మోటారు విప్పుతుండగా డ్రేపర్ ఫోన్ చేసి, ఉద్యోగమూ ఇల్లూ రెండూ పోయాయనీ, ఆ నిమిషమే బయటికి నడవమనీ అన్నాడు. నడిచింది. పని చేస్తుండగా ఎవరూ కరెంటు వేయకుండా మెయిన్ స్విచ్చికి ఆమె వేసిన ఎర్ర తాళం అలాగే ఉండిపోయింది.

ఎవరు వేసిన తాళం వాళ్లే తీయాలి. మోటారులో చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం దాంట్లో ఉంటుంది. ఆమె సరేననకుండా కోస్తే లైసెన్సు పోతుంది. మిగతా ఎలక్ట్రీషియన్లు ఒక్కరూ కట్టర్ ముట్టలేదు. బ్రోన్విన్ ఎక్కడుందో తెలియదన్నారు, ముందురోజు సాయంత్రం ఆమె మకాం పెట్టిన కారవాన్ బండి దగ్గర కూర్చుని బీరు తాగినవాళ్లే. నలభై నాలుగు డిగ్రీల ఎండకి శీతల గదిలోని రొయ్యలు, మాంసం కంపు కొట్టాయి.

మూడోరోజు డ్రేపరే కారవాన్ వెతుక్కుంటూ వచ్చాడు.

"తాళం సంగతి ఆ రోజే చెప్పొచ్చుగా."

"నిమిషంలో పొమ్మన్నావు. పోయాను."

మళ్లీ పనిలోకి రమ్మనీ, పాత అద్దెకే ఉండమనీ అన్నాడు.

"నాకిప్పుడు ఈ ఊళ్లో ఇల్లు లేదు డ్రేపర్. బయటిదాన్ని. బయటివాళ్లకిచ్చేదంతా ఇవ్వు. మిగతా ఏడిళ్లవాళ్లకి ఇక అద్దె ఉండదని రాసివ్వు."

"గొంతు కోస్తున్నావు బ్రోన్."

"కాదు. ఈ ఊళ్లో బతకడానికి అయ్యే ఖర్చు ఇది."

ఎండకి కాలిపోతున్న కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు, సంతకం చేశాడు. ఆమె రెండుసార్లు చదివి జేబులో పెట్టుకుంది. అతను కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆమె పొయ్యి మీద కెటిల్ పెట్టింది.

"పద, కంపు ఊరంతా పాకుతోంది," అన్నాడు.

"టీ తాగి వస్తా. గడియారం తెచ్చుకున్నావుగా, చూస్తూ నిలబడు."