దీర్ఘం మీట

"ఆడలేక మద్దెల ఓడందట వెనకటికి ఒకామె," అన్నారు అంతే సార్, నా టేబుల్ మీద ఒక పేజీ పెడుతూ. "వేళ్ళు తప్పు చేస్తే కీబోర్డు ఏం చేస్తుందమ్మా? అంతే."

ఆయన మా సూపర్‌వైజరు. ఏ మాట చెప్పినా చివర "అంతే" అని తలుపేసేస్తారు. అందుకని ఆయన లేనప్పుడు అందరం ఆయన్ని అంతే సార్ అంటాం. వాంగ్మూలాలు టైపు చేయడం మా ఆఫీసు పని. ఇంటి తగాదాల్లో, బీమా తగాదాల్లో మనుషులు చెప్పిన మాటలు రికార్డు చేసి మాకు పంపుతారు. మేం హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది విన్నట్టు కొట్టి ఇస్తాం. మధ్యలో దగ్గితే దగ్గారని కూడా రాస్తాం.

ఆ పేజీ నేను కొట్టిందే. అద్దె ఇంటి గొడవలో ఒక పెద్దావిడ చెప్పిన వాంగ్మూలం. రికార్డింగులో ఆవిడ "నేను సంతకం పెట్టాను" అంది. నా పేజీలో "నేను సంతకం పెట్టను" అని ఉంది. ఒక్క దీర్ఘం తేడా. ఆ దీర్ఘం ఉంటే పని అయిపోయినట్టు, లేకపోతే ఆ పని చచ్చినా చెయ్యనన్నట్టు. విచారణలో ఆవిడను "అప్పుడు పెట్టనన్నావు, ఇప్పుడు పెట్టానంటున్నావు, ఏది నిజం?" అని నిలదీశారట. ఆవిడ బిత్తరపోయి నోట మాట రాక కూర్చుందట. తర్వాత ఎవరో రికార్డింగు మళ్ళీ వినిపించారు కాబట్టి సరిపోయింది.

"శనివారంలోగా ఒక కాగితం రాసి ఇవ్వు," అన్నారు సార్. "తప్పు పూర్తిగా నీదేనని. నిన్ను పర్మనెంటు చేసే ఫైలు పైకి వెళ్ళాలంటే అందులో ఆ కాగితం ఉండాలి."

"సార్, మళ్ళీ చదువుకోకపోవడం నా తప్పే. అది రాస్తాను. కానీ దీర్ఘం బటన్ పడటం లేదని మీకు ముందే చెప్పాను. అది కూడా రాస్తాను."

"బటన్ సంగతి ఎందుకమ్మా అందులో? దీర్ఘాలు తీయకు. అంతే."

ఆయన వెళ్ళిపోయారు. పక్క సీటు అక్క హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తప్పించి నా వైపు వంగింది. ఆఫీసులో ఏ మూల ఏం జరిగినా సాయంత్రానికి ఆమె నోటి ద్వారా అందరికీ తెలుస్తుంది. అందుకే ఆమెను రేడియో అక్క అంటారు.

"నువ్వు చెప్పడం నేను విన్నాలే. గుడ్డతో తుడుచుకోమన్నాడుగా."

"ఆ మాట సార్ ముందు చెప్తావా అక్కా?"

"నాకు పిల్లలున్నారమ్మా," అని హెడ్‌ఫోన్ మళ్ళీ సరిచేసుకుంది.

టైపు తెలియనివాళ్ళకు ఈ గొడవ చిన్నదిగా కనబడవచ్చు. తెలుగు కొట్టేటప్పుడు ఎడమ చేతి మధ్య వేలికి ఉన్నంత చాకిరీ ఇంకే వేలికీ లేదు. ఒత్తు మీట దాని కిందే ఉంటుంది. దానికి సరిగ్గా పై వరసలో దీర్ఘం మీట. ఒత్తు లేకుండా, దీర్ఘం లేకుండా తెలుగులో ఒక్క వాక్యం నడవదు. నాకంటే ముందు ఆ సీటులో ఎంతమంది కూర్చున్నారో తెలియదు కానీ అందరి మధ్య వేళ్ళూ కలిసి ఆ రెండు మీటలనూ నున్నగా అరగదీశాయి. కింద రబ్బరు చచ్చిపోయింది. నొక్కితే మీట దిగుతుంది, అక్షరం మాత్రం ఒకోసారి పడుతుంది, ఒకోసారి పడదు. పడిందో లేదో వేలికి తెలియదు. కళ్ళతో చూసుకుంటూ కొడితే మాటలు వెనకబడిపోతాయి. గట్టిగా కొడుతూ పోతే సాయంత్రానికి మణికట్టు నుంచి మోచేతి దాకా లాగుతుంది. ఇంటికెళ్ళాక గ్లాసు కూడా కుడి చేత్తోనే పట్టుకునేదాన్ని.

అది మొదట గమనించింది అమ్మ.

అమ్మ బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగు పని చేస్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ నాకు ఒకటే చెప్పింది: తల వంచుకుని పని చేసుకో, పెద్దవాళ్ళతో మాట పెంచుకోకు. నేనూ అలాగే ఉన్నాను. కుక్కిన పేనులా ఉంటానని ఆఫీసులో పేరు కూడా తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం కాగితం సంగతి చెప్పగానే అమ్మ, "రాసిచ్చేయ్. పీడా పోతుంది," అంది.

"పూర్తిగా నాదేనని రాయమంటున్నారమ్మా."

"సగమైతే ఏంటి, పూర్తయితే ఏంటి? ఉద్యోగం ఉంటుందిగా?"

"ఆడలేక మద్దెల ఓడన్నానట. అందరి ముందూ అన్నారు."

అమ్మ కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపింది.

"మద్దెల నిజంగా ఓడేనా?"

"ఓడే."

"అయితే ఓడేనని చెప్పాలి గదే. ఓడు మద్దెల పట్టుకుని ఎన్నాళ్ళు వాయిస్తావు?" అంది, నేనేదో దాన్ని కావాలని దాచిపెట్టినట్టు. తర్వాత తనే, "మా కార్ఖానాలో ఎవరి కత్తెర వాళ్ళదే. ఇంకొకరిది ముట్టుకోం. మీకు అలా తెచ్చుకోవడానికి లేదా?" అని అడిగింది.

తెచ్చుకోకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరూ తెచ్చుకోలేదు, అంతవరకే.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ అమ్మ కొలతల టేపు అడిగి తీసుకున్నాను. మా టేబుళ్ళకు కింద ఒక సొరుగు పలక ఉంటుంది. కీబోర్డు దాని మీద పెట్టుకుని, పని అయ్యాక లోపలికి తోసేయాలి. పలకకూ టేబుల్‌కూ మధ్య సందు ఎంతుందో కొలిచాను. అరచెయ్యి బోర్లా పెడితే పట్టేంత. రేడియో అక్క చూసి, "ఏమ్మా, టేబుల్‌కు లంగా కుట్టిస్తున్నావా?" అంది.

శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా బయటపడి, కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. అమ్మ కార్ఖానా నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. సన్నటి దుకాణం. గోడల నిండా వైర్లు వేలాడుతున్నాయి. దుకాణాదారు స్టూలు మీద కూర్చుని ఒక చార్జరు విప్పుతున్నాడు.

"మెకానికల్ కీబోర్డు కావాలండీ. రోజంతా టైపు చేయడానికి."

ఆయన మొదట తీసింది ఇటుకరాయంత ఎత్తుంది. మీటల కింద రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయి. అమ్మ చూసి, "ఇదేంటి, పెళ్ళి మండపంలా ఉంది," అంది.

"ఆటలాడే పిల్లలు ఇదే తీసుకుంటారమ్మా."

"మా అమ్మాయి ఆటలాడదు. ఉద్యోగం చేస్తుంది."

నేను దాని మీద చేతులు పెట్టి చూశాను. మీటలు బాగానే ఉన్నాయి. కానీ అంత ఎత్తు అందుకోవడానికి మణికట్టు వెనక్కి వంగుతోంది, గోడ ఎక్కి అటువైపు తొంగి చూస్తున్నట్టు. టేపు తీసి ఎత్తు కొలిచాను. మా సొరుగులో పట్టదు.

"కొలతలు దేనికండీ, చొక్కా కుట్టిస్తారా దీనికి?" అన్నాడు దుకాణాదారు.

"పొట్టిది లేదా?"

"లో ప్రొఫైల్ అనండి మరి. ముందే చెప్పకపోయారా," అని లోపలికి వెళ్ళి పలచటి పెట్టెలు తెచ్చాడు. పలక లాంటి కీబోర్డు. పొట్టి మీటలు. కానీ ప్రతి మీట కిందా దాని స్విచ్ దానికి ఉంది. ఆఫీసులో లాగా అన్నిటి కిందా ఒకే రబ్బరు పరుపు కాదు. చేతులు ఆనించాను. మణికట్టు తిన్నగా ఉంది, టేబుల్ మీద ఊరికే చేతులు పెట్టుకున్నట్టు.

ఆ స్విచ్‌లలోనూ రకాలున్నాయి. మొదటిది నొక్కితే టకటకమని మోత.

"ఇది వద్దు. పక్క సీటు అక్క నన్ను బతకనివ్వదు."

రెండోది వెన్నలా దిగింది. మరీ వెన్న. వేలు ఊరికే ఆనించినా అక్షరం పడిపోతోంది. ఆలోచిస్తూ వేళ్ళు ఆనించి కూర్చునే అలవాటు నాకుంది. దీనితో అడగని దీర్ఘాలు కూడా వస్తాయి. అసలే పడని దీర్ఘంతో చిక్కుల్లో పడ్డాను.

మూడోది సగం దిగాక చిన్న మెట్టు తగిలింది. చీకట్లో గడప కాలికి తగిలినట్టు వేలికి తగిలి, దాటగానే అక్షరం పడింది. మోత లేదు. అడుగు దాకా గుద్దక్కర్లేదు. అక్షరం పడిందని వేలికే తెలుస్తోంది.

దాన్ని దుకాణాదారు కంప్యూటర్‌కు తగిలించమని, తెలుగు పెట్టించుకున్నాను.

"మీటల మీద తెలుగు అక్షరాలుండవండీ," అన్నాడు.

"నేను చూసి కొట్టను."

పెట్టాను, పెట్టను, పెట్టాను, పెట్టను. చెప్పాను, చెప్పను. వెళ్ళాను, వెళ్ళను. కొడుతూ పోయాను. ఒక్కటి కూడా తప్పిపోలేదు. మధ్య వేలికి నొప్పి గుర్తు రాలేదు.

దుకాణాదారు తెర వైపు చూసి అమ్మతో, "మీ అమ్మాయి పెట్టిందాండీ, పెట్టలేదా? ఏదో ఒకటి తేల్చమనండి," అన్నాడు.

"అదే తేలుస్తోంది," అంది అమ్మ.

వైరు లేని రకం కూడా ఉందన్నాడు. మా ఆఫీసు కంప్యూటర్లకు వైరుంటేనే పని చేస్తుంది. వైరుదే తీసుకున్నాను. ఖరీదు విని నేను కాస్త తటపటాయిస్తుంటే అమ్మ, "కత్తెర కొనేటప్పుడు నేనూ ఇలాగే నిలబడ్డాను. కొన్నాక మళ్ళీ ఆ సంగతి తలుచుకోలేదు," అంది. ఇంటికెళ్ళాక పెట్టె విప్పి, వైరు చివర ఎర్ర దారం చుట్టి గట్టి ముడి వేసింది. కార్ఖానాలో ఎవరి కత్తెర ఎవరిదో తెలియడానికి వాళ్ళు అలాగే కడతారు.

శనివారం అందరికంటే ముందు వెళ్ళి పాత కీబోర్డు పీకి, టేబుల్ మీద ఒక పక్కన పెట్టాను. కొత్తది తగిలించాను. సొరుగు పలక లోపలికీ బయటికీ సాఫీగా జరిగింది. ఒక వాంగ్మూలం పూర్తి చేసేలోపే అంతే సార్ నా వెనక నిలబడ్డారు.

"ఏంటిది?"

"నా కీబోర్డు సార్."

"ఆఫీసులో అందరికీ ఒకటే. నీకొక్కదానికీ ప్రత్యేకమా? తీసెయ్."

"అందరికీ ఒకటే అయితే దీర్ఘం కూడా అందరికీ పడాలి కదా సార్. ఇది పడటం లేదు," అని పాత కీబోర్డు చూపించాను.

ఆయన దాన్ని లాక్కుని, తనే వంగి తగిలించి, ఒక వేలితో 'పెట్టాను' అని కొట్టారు. దీర్ఘం దగ్గర మేకు దిగగొట్టినట్టు కొట్టారు. పడింది.

"చూశావా? బాగానే ఉంది. ఒత్తడం చేతకాక..."

"మామూలుగా కొట్టండి సార్."

"మామూలుగానే కొట్టాను."

రేడియో అక్క హెడ్‌ఫోన్ తీయకుండానే, తెర వైపే చూస్తూ, "రోజంతా అలా కొడితే టేబుల్ కాళ్ళు విరుగుతాయి సార్," అంది. వెనక సీట్లలో ఎవరో ముక్కుతో నవ్వారు.

సార్ ముఖం ఎర్రబడింది. "ఆ కాగితం ఏది? రాశావా?"

"లేదు సార్. నా వంతు రాస్తానన్నాను. పూర్తిగా నాదేనని రాయలేను."

"నువ్వు రాయక్కర్లేదు. నేను చెప్తాను, కొట్టు. ప్రింటు తీసి సంతకం పెట్టు. ఫైలు మధ్యాహ్నం వెళ్ళిపోతుంది. కాగితం లేకపోతే నీ ఫైలు వెళ్ళదు. నీ ఇష్టం."

ఫైలు వెళ్ళకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చే నెల ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, చచ్చిపోయిన దీర్ఘం మీట ముందు. వాళ్ళకూ ఇలాంటి కాగితమే రాయిస్తారు. నోట మాట రాక కూర్చున్న ఆ పెద్దావిడ ఎలా ఉంటుందో నాకు తెలియదు. గొంతు మాత్రం తెలుసు. "పెట్టాను" అన్నప్పుడు ఆవిడ గొంతులో ఏ తడబాటూ లేదు.

నా కీబోర్డు మళ్ళీ తగిలించుకుని వేళ్ళు ఆనించాను. "చెప్పండి సార్."

సార్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. "టైపింగులో జరిగిన తప్పు... పూర్తిగా నాదేనని ఒప్పుకుంటూ... ఈ కాగితం మీద సంతకం పెట్టాను."

విన్నది విన్నట్టు కొట్టడం నా ఉద్యోగం. కొడుతూ వచ్చాను. ఒత్తు దగ్గర మెట్టు తగిలింది, దాటింది. తర్వాత వేలు అలవాటుగా పై వరసకు వెళ్ళి దీర్ఘం మీట మీద ఆగింది. మెట్టు దాకా కూడా నొక్కలేదు. వేలు వెనక్కి తీసుకుని, మిగిలిన అక్షరాలు కొట్టి, ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను.

ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివారు. పెదవులు కదుపుతూ చివరి మాట దాకా వచ్చి, ఒక్కసారిగా వెలిగిపోయారు. కాగితం అందరికీ కనబడేలా పైకెత్తారు.

"ఇదిగో! కొత్త కీబోర్డు, కొత్త సోకు. మళ్ళీ దీర్ఘం పోయింది. 'సంతకం పెట్టను' అని కొట్టింది. ఇప్పుడేమంటావు? ఈ మద్దెల కూడా ఓడేనా?"

"ఇది మంచి మద్దెలే సార్," అన్నాను. హెడ్‌ఫోన్ తలకు తగిలించుకున్నాను. "దీర్ఘం పోలేదు. చూసే కొట్టాను. అంతే."