యుస్త్ తాత చలికాలం జవాబు

స్కల్నిత్సాలో మొదటి మంచు పడిందంటే చాలు, కాఫీ తాగడం ఆలస్యం, ఊళ్ళోవాళ్ళు తలో ముక్కాలిపీటా చంకన పెట్టుకొని ముసలిదాని దగ్గరికి బయల్దేరతారు. ముసలిదంటే మనిషి కాదు, ఊరి పైన వాలులో రెండు సున్నపురాళ్ళ మధ్య ఉన్న బిలం. చుట్టూ మోకాటిలోతు మంచున్నా దాని నోటి దగ్గర మాత్రం నల్లటి నేల, పచ్చటి నాచు కనిపిస్తాయి. అడుగునున్న గుహ ఎండాకాలమంతా ఆ నోటితో గాలి పీల్చుకుంటుంది, చలికాలమంతా వెచ్చగా వదులుతుంది. క్రాస్ అనే ఆ సున్నపురాతి సీమలో ఇలాంటి ఊపిరిబిలాలు బోలెడు. ఎండాకాలంలో వాటితో చెప్పిన మాట కూడా ఆ గాలితోనే లోపలికి పోయి, చలికాలంలో బయటికొస్తుంది.

ఇవాంకా పిన్ని ఏటా ఆగస్టులో అక్కడికెళ్ళి ఉన్ని మేజోళ్ళు ఎక్కడ పెట్టిందో చెప్పుకుంటుంది. డిసెంబరులో వచ్చి వింటుంది. "మెట్ల కింద పెట్టె, ఎడమవైపు మూల" అని తన గొంతే వినబడగానే, "చూశారా, ఎనభై ఆరొచ్చినా నా బుర్ర ఎక్కడికీ పోలేదు" అని అందరినీ ఓ చూపు చూసి లేస్తుంది.

పెద్ద మాటలకీ అదే చోటు. గట్టు తగాదాలు, పెళ్ళి సంబంధాలు, ఊరు వదిలి వెళ్ళడాలు, ఏదైనా సరే, బరువైన ప్రశ్నకి ఆ ఊళ్ళో ఎవరూ ముఖాన జవాబు చెప్పరు. వేసవిలో బిలానికి చెప్పి, చలికాలంలో వినమంటారు. ఆర్నెల్లలో చెప్పినవాడి కోపమూ చల్లారుతుంది, అడిగినవాడి తొందరా తగ్గుతుంది. మంచి పద్ధతే, చెప్పినవాడు మధ్యలో చచ్చిపోకపోతే!

మిలోయ్కాకి అరవై మూడేళ్ళు. ఆ చలికాలం కూడా పీట పట్టుకొని వెళ్ళి ఓ పక్కగా కూచుంది. ఏం వినడానికొచ్చావని ఎవరూ అడగలేదు. ఊరందరికీ తెలుసు.

పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమె రాజధానికి వెళ్ళి గుహల గురించి చదువుతానంది. తండ్రి ఒప్పుకోలేదు. "రాళ్ళు కొట్టుకు బతికే కొంపలో రాళ్ళ కింద బొక్కల మీద చదువేమిటే? నవ్విపోతారు" అన్నాడు. ఆ ఇంట్లో ఆఖరిమాట యుస్త్ తాతది. ఆమెని చిన్నప్పట్నుంచీ మంచులో వెంటేసుకు తిరిగి, ఎక్కడ మంచు కరిగిందో, ఎక్కడ గడ్డి ఊగుతోందో చూపించి బిలాలు పట్టడం నేర్పినవాడు ఆయనే. ఆ ఆగస్టులో గడ్డికోతలు అయ్యాక మిలోయ్కా ఆయన్ని అడిగింది.

"తాతా, వెళ్ళనా? వద్దా?"

ఆయన పైపు నోట్లోంచి తియ్యకుండానే నవ్వాడు. "జవాబు చలికాలం వింటావులేవే."

అక్టోబరులో, ద్రాక్ష తొక్కే తొట్టి కడుగుతూ కడుగుతూ పోయాడు.

ఆ చలికాలం మిలోయ్కా ఒక్కరోజు మానకుండా ముసలిదాని దగ్గర కూచుంది. బూర్యా అనే చలిగాలికి చెవులు కమిలిపోయాయి. అందరి మాటలూ వచ్చాయి, తాత మాట రాలేదు. మార్చిలో మంచు కరిగాక తండ్రి తేల్చేశాడు, "ఏమీ చెప్పలేదంటే వద్దనే అర్థం." ఊరూ అదే అంది. మిలోయ్కా మరుసటి సెప్టెంబరులో చెప్పకుండా బస్సెక్కింది. చదువుకుంది, పేరు తెచ్చుకుంది, కానీ తాత మాట కాదని వెళ్ళానేమోనన్న ముల్లు నలభై అయిదేళ్ళూ గుండెలో అలాగే ఉండిపోయింది. ఏ సన్మానంలో దండ వేసినా ఆ ముల్లే ముందు గుచ్చుకునేది. మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి.

దానికి తోడు పేడకుప్ప గొడవొకటి. ఇరవై ఏడేళ్ళప్పుడు, విమానంలోంచి వేడిని పట్టే కెమెరాతో తన ఊరి కొండనంతా ఫొటోలు తీయించింది. తెలిసిన బిలాలన్నీ తెల్లటి చుక్కలుగా పడ్డాయి. వాటితోపాటు ఎవరికీ తెలియని ఓ పెద్ద చుక్క కూడా పడింది. కొత్త గుహ ఉందని ఆమె పత్రికలవాళ్ళకి కూడా చెప్పేసింది. పెద్ద శాస్త్రవేత్తలు నలుగురు బూట్లు తొడుక్కొని వచ్చారు. చుక్క ఉన్న చోటికెళ్ళి చూస్తే ఏముంది? వాళ్ళింటి పశువుల పాక వెనక, గోడ అవతల ఉన్న పేడకుప్ప! మోచేతిలోతు తవ్వారు. లోపల ఇంకా పేడే, పొగలు కక్కుతూ. మిలోయ్కాకి తల కొట్టేసినట్టయింది. తండ్రి పారకి ఆనుకొని నుంచుని, "పాక పక్కన కాదు, ఆ గోడ అవతలే కుప్ప వెయ్యాలని మా నాన్న పట్టు పట్టి మా నడుములు విరగ్గొట్టాడు. ఇప్పుడు దాని మీద నీ చదువొకటి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె క్రాస్ అంతటా పేడ మిలోయ్కా.

ఆ సిగ్గుతో ఆమె నేల మీద వెతకడం మానేసి నేల కిందికి దిగిపోయింది. కళ్ళులేని పురుగులు, రంగులేని రొయ్యలు, అవి ఏం తింటాయి, గుహ ఊపిరితో లోపలికొచ్చే ఆకూ అలమూ ఎందరి కడుపు నింపుతుంది, ఇవే ఆమెకి ఇరవై ఏళ్ళ పని. చీకట్లో ఎవరూ నవ్వరు కదా. తరవాత అంగారకుడి చుట్టూ తిరిగే కెమెరా అక్కడి ఓ కొండ వాలులో ఏడు నల్లగుంతల్ని పట్టినప్పుడు, అవి గుహల నోళ్ళేనా అని తేల్చడానికి ఆమెనే పిలిచారు. తెల్లవారుజామున నేలంతా చల్లబడ్డాక కూడా వెచ్చగా ఉండేది గుహ నోరు. మంచులో తాత నేర్పిందీ అదే. ఏడింట్లో ఏడోదే అసలైన గుహ అని మిలోయ్కా మొదట్నుంచీ అంటోంది. మిగిలినవాళ్ళు నమ్మలేదు.

ఆ వారమే ఆమె బృందానికి పెద్దయిన టిలెన్ ఫోన్ చేశాడు. కుర్రాడు మర్యాదస్తుడే, అదే వచ్చిన చిక్కు.

"మేడమ్, కెమెరాకి ఇంక అయిదుసార్లే చూసే వీలుంది. ఏడో గుంతలో వేడి పెద్ద బండరాళ్ళు దాచుకున్న వేడే అని అందరి అభిప్రాయం. మేము కొట్టేయడం కన్నా, మీరే తీసేస్తున్నానని ఉత్తరం రాస్తే గౌరవంగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నంలోగా."

"రాళ్ళేనంటావా?"

"మీకు తెలియనిదేముంది మేడమ్. ఇదివరకోసారి..." అని నాలిక్కరుచుకున్నాడు. పేడకుప్ప సంగతి వాడిదాకా కూడా వెళ్ళింది!

మిలోయ్కా ఉత్తరం రాసింది. సంతకం ఒక్కటే మిగిలింది. ఆ ఏడో గుంత పోతే పదమూడేళ్ళ పని పోయినట్టే, మార్చిలో పదవీ విరమణ. ఉత్తరం కోటు జేబులో పెట్టుకొని ఊరికొచ్చింది. గుహల సంఘంవాళ్ళు ఏటా మంచులో బిలాలు లెక్కపెట్టే రోజులవి. గురువారం తెల్లవారుజామున సంఘం పెద్ద ఎగోన్ డ్రోన్‌కి వేడిని చూసే కెమెరా కట్టి ఎగరేశాడు. ఎగోన్ ఆమెకి ఒకటో తరగతి నుంచీ నేస్తం, వేళాకోళం వాడి వృత్తి.

తెర మీద నీలంరంగు కొండ కనిపించింది. చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి. ముసలిది, దాని కింద నక్కబిలం, చర్చి వెనకది. తరవాత ఇంకొకటి.

"ఒసేయ్ మిలోయ్కా! నీ పాత మొగుడు ఇంకా బతికే ఉన్నాడే!" ఎగోన్ పడీపడీ నవ్వాడు. "మీ పేడకుప్ప! నిన్ను చూసి వేడెక్కినట్టుంది."

మిలోయ్కా కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొస్తుందని నవ్వింది. ఇద్దరూ ఇవాంకా పిన్ని వంటింట్లో కూచున్నారు. పిన్ని పుల్లక్యాబేజీ, చిక్కుళ్ళు వేసి కాచిన యోటా పోసింది. మిలోయ్కా రెండు చెంచాలు తాగి, మూడోది నోటిదాకా తెచ్చి ఆపింది.

"పిన్నీ, మా లిస్కాని ఎప్పుడు అమ్మేశాడు నాన్న?"

"ఆవునా? నా మోకాలు విరిగిన ఏడు. ముప్పై నాలుగేళ్ళయింది. ఎందుకే?"

"తరవాత మా పాకలో పశువు లేదుగా?"

"పశువా? మీ నాన్న ఒక్కడే" అంది పిన్ని.

మిలోయ్కా చెంచా కింద పెట్టింది. "ఒరేయ్ ఎగోన్, ముప్పై నాలుగేళ్ళ నాటి పేడ వెచ్చగా ఎలా ఉంటుందిరా?"

ఎగోన్ కూడా చెంచా పక్కన పెట్టేశాడు. ఊరు ఊరంతా రైతులు, గుహలవాళ్ళు. రెండేళ్ళకి పేడ మట్టైపోతుందని పాలు తాగే పిల్లలకీ తెలుసు. అయినా ఇన్ని చలికాలాలు ఆ చోట మంచు నిలవకపోతే అందరూ పేడేలే అనుకున్నారు, ఆమెతో సహా.

పారలు పట్టుకెళ్ళారు. మంచులేని ఆ చోట, చలికాలంలో కూడా దురదగొండి పచ్చగా ఉంది. మోచేతిలోతు తవ్వితే నల్లమట్టి. ముప్పై ఆరేళ్ళ కిందట పెద్ద శాస్త్రవేత్తలు ఆగింది అక్కడే. ఇంకో జానెడు తవ్వేసరికి పార ఖంగుమంది. చెక్కిన సున్నపురాతి పలక బయటపడింది, అంచున సన్నటి పగులు. పగుల్లోంచి ఊపిరి తగిలి మిలోయ్కా కళ్ళద్దాలు మసకబారాయి.

"వెచ్చదనం సందులోంచి జారుతుంది గానీ మాట జారదు. మూత తియ్యండి" అంది ఇవాంకా పిన్ని, చేతికర్ర మీద ఆనుకొని.

ఎగోన్ గునపం దూర్చి పలక పక్కకి దొర్లించాడు. ముందు గాలి వచ్చింది, ఆగస్టు నాటి ఎండుగడ్డి వాసనతో, పైపు పొగాకు వాసనతో. తరవాత దగ్గు. ఆ దగ్గు వినగానే మిలోయ్కా బిలం మీదికి వంగి చెవి ఒగ్గింది.

"ఆఁ, మిలోయ్కా" అంది యుస్త్ తాత గొంతు. "ముక్కు మూసుకొని చెప్పాల్సొస్తోందే, ఈ లిస్కా ఏం తింటోందో ఏమో. విను. మీ నాన్న వద్దంటాడు. అననీ. నువ్వెళ్ళు. చదువుకో. ఈ బిలం నేను పట్టి పదకొండేళ్ళయింది. ఎగోన్‌గాడి తాతకి తెలిస్తే తన పేరు పెట్టేసుకుంటాడని పేడ కప్పి ఉంచాను."

"ముసలాయనకి మా తాతంటే ఎంత ప్రేమో" అని గొణిగాడు ఎగోన్, టోపీ తీసి చేత్తో పట్టుకొని.

"ఇది నీకే. దారి మాత్రం చెప్పను. చదువుకున్నదానివి, నువ్వే వచ్చి కనిపెట్టు. కనిపెట్టిన చలికాలం ఈ మాట వింటావు. ఒక్కటే చెప్తా, బాగా గుర్తుపెట్టుకో." మళ్ళీ దగ్గు. "పేడ కనబడగానే వెనక్కి తిరక్కు. దాని కింద ఏముందో చూడు. సరే, మూసేస్తున్నా. భోజనానికి పిలుస్తున్నారు."

రాతి మీద రాయి జరిగిన చప్పుడు. అంతే. తరవాత గుహ ఊరికే ఊపిరి వదిలింది.

మిలోయ్కా మట్టిచేతులతో ముఖం కప్పుకొని ఏడ్చింది. వెళ్ళమన్నాడు! నలభై అయిదేళ్ళుగా ఆ మాట ఇంటి వెనకే ఉంది, తను ఊరొచ్చినప్పుడల్లా చెప్పులు విడిచే గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో. ఇవాంకా పిన్ని ఆమె తల మీద చెయ్యి వేసి, "ఊరుకోవే. ఏ చలికాలమో చెప్పలేదు, మనమే తొందరపడ్డాం" అంది.

శుక్రవారం పదకొండున్నరకి ఆమె టిలెన్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, ఏడోది తియ్యను. ఉత్తరం పొయ్యిలో వేశాను."

"మేడమ్, అందరూ రాళ్ళేనంటుంటే..."

"రాళ్ళున్నాయి, కాదన్లేదు. రాళ్ళ కింద ఏముందో మనం చూడలేదుగా? నేను ఒకసారి మోచేతిలోతులో ఆగిపోయి ముప్పై ఆరేళ్ళు పోగొట్టుకున్నాను. నువ్వు కుర్రాడివి, నీకెందుకు ఆ ఖర్మ? ఒక చూపు దానికిచ్చి చూడు. తప్పైతే నా పేరు ఎలాగూ పేడ మిలోయ్కాయే, కొత్తగా పోయేదేముంది?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది. తరవాత, "వచ్చే ఏడు డిసెంబరులో ఒక వంతు ఉంది. దానికి రాస్తాను. కానీ ఫలితం వచ్చేదాకా మీరు ఉండాలి మేడమ్. మార్చిలో వెళ్ళిపోతే ఒప్పుకోను" అన్నాడు. ఆమె ఉంటానంది.

ఆగస్టులో గడ్డికోతలు అయ్యాక మిలోయ్కా పాక వెనక్కి వెళ్ళింది. దురదగొండి కొట్టేసి, బిలం చుట్టూ ఎగోన్ గోడ కట్టాడు. గోడ మీద పేరు చెక్కబోతూ, "మా తాత పేరు పెడదామా?" అని ఆటపట్టించి తన్నులు తినబోయాడు. ఇప్పుడు బిలం గాలి పీల్చుకుంటోంది, రాలిన గడ్డిపరకలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోతున్నాయి. ఆమె బోర్లా పడుకొని నోరు బిలానికి ఆనించింది.

"తాతా, వెళ్ళాను. చదువుకున్నాను. నువ్వు దాచింది కనిపెట్టాను" అంది. ఊపిరి పీల్చుకొని మళ్ళీ అంది, "రెండుసార్లు కనిపెట్టాను."

తరవాత, ఎందుకైనా మంచిదని, చలికాలం మేజోళ్ళు ఎక్కడ పెట్టిందో కూడా చెప్పింది.